పోటీ క్లబ్బుల మధ్య ఛారిటీ మ్యాచ్: ఖర్చుల పద్దు ఎవరు మోయాలి? (కేస్ స్టడీ)

అమెచ్యూర్ క్లబ్బులకు మ్యాచ్‌లు, టోర్నమెంట్లు జరిపి పెట్టడం నా వృత్తి. అందులో ఛారిటీ మ్యాచ్‌ల వాటా చిన్నదే అయినా చిక్కులు వాటిలోనే ఎక్కువ. లీగ్ మ్యాచ్‌లో ఓడినవాళ్లు వారం తిరిగేసరికి ఓటమిని మరచిపోతారు గానీ, తానిచ్చిన విరాళం ఏమైందో తెలియని ప్రేక్షకుడు ఏళ్లు గడిచినా మరచిపోడు. ఇక్కడ నమోదు చేస్తున్న రెండు ఫుట్‌బాల్ క్లబ్బుల కేసులో డబ్బు మీద అపనమ్మకం, మైదానంలో వైరం రెండూ కలిసి వచ్చాయి. ఒకదానికి వేసిన మందు రెండోదాన్ని ముదరబెట్టే పరిస్థితి కూడా ఎదురైంది. అందుకే ఈ కేసును వివరంగా రాయదగినదిగా భావించాను. క్లబ్బుల పేర్లు, ఊరు, సాయం పొందిన సంస్థ పేరు, వసూలైన మొత్తాలు వదిలేశాను. మనుషులను గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. సౌలభ్యం కోసం క్లబ్బులను పాత క్లబ్, కొత్త క్లబ్ అని వ్యవహరిస్తాను.

నేపథ్యం

రెండు క్లబ్బులూ ఒకే గ్రౌండును వంతులవారీగా వాడుకునేవి. కొన్నేళ్ల కిందట పాత క్లబ్‌లో అభిప్రాయభేదాలు వచ్చి కొందరు బయటికి వెళ్లి పెట్టుకున్నదే కొత్త క్లబ్ కాబట్టి, ఆటగాళ్లలో చాలామందికి ఎదుటి జట్టులో ఒకప్పటి సహచరులే ఉన్నారు. అందరూ ఉద్యోగమో చదువో చేసుకుంటూ సాయంత్రాలు, సెలవు రోజుల్లో ఆడేవాళ్లే. అంతకుముందు సీజన్‌లో ఈ రెండు జట్లు తలపడిన చివరి మ్యాచ్ తోపులాటతో ముగిసింది. ఇద్దరికి రెడ్ కార్డులు చూపి బయటికి పంపాక కూడా గొడవ సద్దుమణగక, రిఫరీ మ్యాచ్‌ను మధ్యలోనే ఆపేశాడు.

రెండు జట్లకూ వేర్వేరు కాలాల్లో ఆడిన ఒక గోల్‌కీపర్ ప్రమాదంలో వెన్నెముకకు దెబ్బ తగిలి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. అతనికి పునరావాస చికిత్స ఇచ్చిన కేంద్రం ఒక ట్రస్టు ఆధ్వర్యంలో నడుస్తోంది. అతని కోసం మ్యాచ్ ఆడదామన్న ఆలోచన రెండు క్లబ్బుల్లోనూ దాదాపు ఒకేసారి పుట్టింది. చీలిక తర్వాత ఈ రెండు క్లబ్బులూ ఏకాభిప్రాయానికి వచ్చిన తొలి విషయం ఇదేనని రెండు వైపులవాళ్లూ చెప్పారు.

అయితే పాత క్లబ్‌కు ఛారిటీ మ్యాచ్ విషయంలో ఒక చేదు అనుభవం ఉంది. గతంలో ఒకసారి ఇలాంటి మ్యాచ్ జరిపినప్పుడు జనం బాగానే వచ్చారు, టికెట్లూ అమ్ముడయ్యాయి. కానీ వచ్చిన డబ్బులోంచే గ్రౌండ్ అద్దె, కొత్త జెర్సీలు, మైకు, ట్రోఫీలు, ఆటగాళ్ల భోజనాలు ఒక్కొక్కటిగా తీసేయగా, చేరవలసిన చోటికి చేరింది సగం కన్నా తక్కువే. అది కూడా నెలల తర్వాత చేరింది. ఆ జమాఖర్చుల పుస్తకం నేను చూశాను. ప్రతి ఖర్చుకూ బిల్లు ఉంది, ఎవరూ డబ్బు కాజేయలేదు. అయినా ఊళ్లో మాత్రం "ఆ మ్యాచ్ డబ్బులు మింగేశారు" అన్న మాటే మిగిలిపోయింది. లెక్క సరిగ్గా ఉన్నా నింద తప్పకపోవడానికి కారణం ఒక్కటే: ఇంత ఖర్చవుతుందని, అది టికెట్ డబ్బులోంచే పోతుందని ముందుగా ఎవరికీ చెప్పలేదు.

ఈ జబ్బు చిన్న క్లబ్బులకే పరిమితం అనుకోనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 1908లో మొదలైన ఛారిటీ షీల్డ్ మ్యాచ్‌ను 2002 నుంచి కమ్యూనిటీ షీల్డ్ అని పిలుస్తున్నారు. టికెట్ డబ్బులో ఎంత భాగం దానధర్మాలకు వెళ్తుందో స్పష్టంగా చెప్పకపోవడాన్ని, సంస్థలకు డబ్బు ఆలస్యంగా అందడాన్ని దాతృత్వ సంస్థలను పర్యవేక్షించే అక్కడి ఛారిటీ కమిషన్ తప్పుపట్టిన తర్వాతే ఆ పేరు మారింది. అంతకన్నా పాత ఉదంతం ఇంకొకటి ఉంది. డిక్, కెర్ లేడీస్ అనే మహిళల జట్టు 1920 డిసెంబర్ 26న గుడిసన్ పార్కులో ఆడిన ఛారిటీ మ్యాచ్‌కు యాభై వేలకు పైగా జనం వచ్చారు. ఏడాది తిరగకుండానే, 1921 డిసెంబర్ 5న, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ తన సభ్య క్లబ్బుల మైదానాల్లో మహిళల ఆటను నిషేధించింది. ఆడవాళ్లకు ఈ ఆట తగదన్నదే అసలు అభ్యంతరమైనా, వసూళ్లలో ఎక్కువ భాగం ఖర్చులకే పోయి దానానికి తక్కువ మిగులుతోందన్న ఫిర్యాదునూ ఆ తీర్మానంలో చేర్చారు. ఖర్చుల పద్దు తెరిచి ఉంచని చోట, ఇష్టం లేనివాళ్ల చేతికి అది ఆయుధమవుతుంది. ఈ రెండు ఉదంతాలనూ తొలి సమావేశంలోనే క్లబ్ కార్యదర్శులిద్దరికీ చెప్పాను. పాత క్లబ్ కార్యదర్శి ముఖంలో కొంత ఊరట కనిపించింది.

వచ్చిన సమస్య, అసలు సమస్య

వాళ్లు నన్ను అడిగింది జనాన్ని ఎలా రప్పించాలని. ప్రచారం, ముఖ్య అతిథి, స్పాన్సర్లు అంటూ ఒక జాబితా కూడా రాసుకొచ్చారు. జవాబు చెప్పే ముందు, గతంలో ఆ మ్యాచ్‌కు టికెట్లు కొన్న కొందరితో విడివిడిగా మాట్లాడాను. ఒక పెద్దాయన చెప్పిన మాట ఈ కేసుకు తాళంచెవి అయింది: "ఆటకు వస్తాం బాబూ, ఎందుకు రాం? డబ్బు మాత్రం మీ చేతికివ్వం, ఆ ఆసుపత్రికే ఇచ్చుకుంటాం." మిగతావాళ్లూ కాస్త అటూ ఇటూగా ఇదే చెప్పారు.

దీన్నిబట్టి జనం రాకపోవడం సమస్య కాదని తేలింది. వచ్చిన జనం జేబులోంచి డబ్బు తీయడానికి అడ్డుపడుతున్నది, ఆ డబ్బు క్లబ్బుల చేతుల మీదుగా వెళ్తుందన్న ఊహ. దానికి తోడు చివరి లీగ్ మ్యాచ్ గొడవ వల్ల కుటుంబాలతో రావడానికి కొందరు జంకుతున్నారు. కాబట్టి ప్రచారం గురించి ఆలోచించే ముందు రెండు ప్రశ్నలకు జవాబు దొరకాలని కార్యదర్శులకు చెప్పాను. డబ్బు ఏ దారిన వెళ్తుంది? మైదానంలో గొడవ ముదరకుండా ఏ ఏర్పాటు ఉంటుంది?

సాయం ఎవరికి?

క్లబ్బుల మొదటి ఆలోచన, వసూలైనదంతా గోల్‌కీపర్ కుటుంబానికే ఇవ్వాలని. తెలిసిన ముఖం కోసం జనం ఎక్కువ ఇస్తారన్నది నిజమే. అయినా నేను దానికి వెంటనే ఒప్పుకోలేదు. వ్యక్తికి నేరుగా ఇచ్చే మొత్తం మీద పన్ను, రసీదు వంటి ప్రశ్నలు తలెత్తుతాయి. చికిత్సకు కావలసిన దానికన్నా ఎక్కువ వస్తే ఆ మిగులు ఏం చేయాలన్నది మరో తగవు. వీటన్నిటి కన్నా ముఖ్యంగా, ఆ మనిషికి ఇది ఇష్టమేనా అని అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

అడిగాం. మ్యాచ్ జరగాలని అతను మనస్ఫూర్తిగా కోరుకున్నాడు. కానీ హాఫ్ టైమ్‌లో తనను మైదానం మధ్యకు తీసుకెళ్లి జనానికి చూపించి చందాలు అడగడానికి మాత్రం ససేమిరా అన్నాడు. తనకు చికిత్స ఇచ్చిన కేంద్రంలో సర్దుబాటు చేసుకునే వీలున్న చక్రాల కుర్చీలు తక్కువగా ఉన్నాయని, ఒకరి తర్వాత ఒకరు వాడుకోవలసి వస్తోందని, ఆ డబ్బు వాటికి వెళ్తే బాగుంటుందని చెప్పాడు. సాయం సంస్థకు, సంస్థలోనూ ఒక నిర్దిష్టమైన వస్తువుకు అన్న నిర్ణయం అలా కుదిరింది. "కేంద్రం అభివృద్ధికి" అనే బదులు "చక్రాల కుర్చీలకు" అనడం వల్ల, తర్వాత కుర్చీలు వచ్చాయా లేదా అన్నది ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు. అవసరానికి మించి వస్తే ఆ మిగులు ఫిజియోథెరపీ పరికరాలకు వెళ్తుందని కూడా ముందే రాతపూర్వకంగా ఒప్పుకున్నాం. గోల్‌కీపర్ పేరు ప్రచారంలో ఎక్కడా వాడలేదు.

ఖర్చుల పద్దు

ఈ కేసులో ఎక్కువ సమయం తీసుకున్నదీ, అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చిందీ ఇదే. నేను పెట్టిన షరతు ఒక్కటే: ఖర్చులన్నిటికీ దాతలు దొరికాకే మ్యాచ్ తేదీ ప్రకటించాలి, విరాళాల నుంచి ఒక్క ఖర్చు కూడా తీయకూడదు. దీని మీద గట్టి వాదనే జరిగింది. కొత్త క్లబ్ కోశాధికారి వాదనలో పస ఉంది. నికరంగా మిగిలేది ఎంత అన్నదే ముఖ్యమైనప్పుడు, ఖర్చు వసూళ్ల నుంచి తీసినా దాతల నుంచి తెచ్చినా తేడా ఏముందని ఆయన అడిగారు. అంకెల్లో తేడా లేదు. తేడా అంతా నష్టభయం ఎవరి నెత్తిన ఉంటుందన్న దానిలోనే ఉంది. ఖర్చు వసూళ్ల మీద ఆధారపడితే, వాన వచ్చి జనం రాకపోయినప్పుడు ముందుగా కోత పడేది చక్రాల కుర్చీలకే. ఖర్చు ముందే తీరిపోతే, వానొచ్చినా వచ్చినంతా కుర్చీలకే వెళ్తుంది. ఆయన ఆలోచించి, ఈ ఒక్క కారణంతో ఒప్పుకున్నారు.

అప్పుడు ఖర్చుల జాబితా వేసి ఒక్కొక్క పద్దుకూ ఒక్కొక్క దాతను వెతికాం. డబ్బు అడగడం కన్నా వస్తువో సేవో అడగడం తేలికని వెంటనే తెలిసింది. గ్రౌండ్ యాజమాన్యం ఒక పూట అద్దె వదులుకుంది. మైకు, షామియానా ఇచ్చేవాళ్లు దొరికారు. అంబులెన్స్‌ను, దానితో పాటు ఒక డాక్టర్‌ను ఒక ఆసుపత్రి పంపింది. జట్లు పాత జెర్సీలతోనే ఆడాయి; రెండింటి రంగులూ దగ్గరగా ఉండడంతో కొత్త క్లబ్ తన ప్రాక్టీసు బిబ్‌లు (జెర్సీ మీద తొడుక్కునే చేతుల్లేని పైతొడుగులు) వేసుకుంది. ట్రోఫీలు మానేశాం. ఈ మానేయడం మీద ఆటగాళ్లు కాస్త గునిశారు గానీ, ట్రోఫీ ఎవరి ఖర్చని ఎదురు అడిగితే మాట్లాడలేదు.

దాత దొరకని ఖర్చులు రెండు మిగిలాయి: బీమా ప్రీమియం, రిఫరీల ప్రయాణ ఖర్చు. వీటిని రెండు క్లబ్బుల ఆటగాళ్లు తలా కొంత వేసుకుని భరించారు. ఇది అనుకోకుండా మరో మేలు చేసింది. తాము కూడా చేతి డబ్బు పెట్టుకుని ఆడుతున్నామని ఆటగాళ్లు ధైర్యంగా చెప్పుకోగలిగారు.

ఫలించనివి

డబ్బు దారి తేలాక మైదానంలో శాంతి సంగతికి వచ్చాం. ఇక్కడ తోచిన మొదటి మూడు ఉపాయాలూ వదిలేయవలసి వచ్చింది.

మొదటిది రెండు క్లబ్బుల ఆటగాళ్లను కలిపి రెండు మిశ్రమ జట్లు చేయడం. కాగితం మీద ఇది ముచ్చటగా ఉంటుంది. కానీ ప్రేక్షకుడు వచ్చేదే తన క్లబ్ గెలుస్తుందో లేదో చూడడానికి. ఎవరి పక్షాన కేకలు వేయాలో తెలియని మ్యాచ్‌కు రెండోసారి ఎవరూ రారు. పైగా, మనసులో కోపం ఉన్న ఇద్దరిని ఒకే జట్టులో పెడితే ఒకరికొకరు బంతి అందించుకోరు. కెప్టెన్లిద్దరూ దీన్ని ఏకగ్రీవంగా తిరస్కరించారు. ఏకాభిప్రాయం కుదిరిన రెండో విషయం అదే కావడం చూసి అందరం నవ్వుకున్నాం.

రెండోది గోల్‌కు ఇంత అని స్పాన్సర్ల నుంచి హామీ తీసుకోవడం. ఇది చాలాచోట్ల వాడే పద్ధతే. నడకకు మైలుకింత అని ఇచ్చినట్టే ఇదీ. కానీ నడిచేవాడికి ఎదురు నిలిచి ఆపేవాడు ఉండడు, ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్ ఉంటాడు. గోల్ ఆపితే కుర్చీలకు డబ్బు తగ్గుతుంది, వదిలేస్తే అమ్ముడుపోయాడంటారు. రెండు వైపులా కీపర్లు ఈ పద్ధతి వద్దన్నారు, వాళ్ల మాట న్యాయం. పైగా గోల్ పడని మ్యాచ్‌లు ఈ ఆటలో అరుదేమీ కాదు; ఫలితం మీద ఆధారపడిన హామీతో ఎన్ని కుర్చీలు కొనగలమో ముందే చెప్పలేం.

మూడోది క్రమశిక్షణ కోసం ఆలోచించిన జరిమానా. రిఫరీ హెచ్చరికగా చూపే ప్రతి ఎల్లో కార్డుకు ఆ ఆటగాడు కొంత మొత్తం విరాళాల నిధికి కట్టాలన్నది ప్రతిపాదన. గొడవ తగ్గుతుంది, నిధి పెరుగుతుంది, ఒక దెబ్బకు రెండు పిట్టలనుకున్నారు. చర్చ జరుగుతుండగా పాత క్లబ్ డిఫెండర్ ఒకతను గంభీరంగా, "అయితే నేను పెట్టే ప్రతి దెబ్బా దానధర్మం కిందికే వస్తుందన్నమాట" అన్నాడు. గదంతా నవ్వింది, ప్రతిపాదన అక్కడితో ముగిసింది. అతను హాస్యానికే అన్నా అందులో అసలు లోపం బయటపడింది. తప్పుకు కట్టే డబ్బు మంచి పనికి వెళ్తుందంటే, తప్పు చేసేవాడికి సిగ్గు ఉండదు. పైగా డబ్బున్నవాడికి ఫౌల్ చవక.

ఇవి కాక, టికెట్లు అమ్మాలా వద్దా అన్న చర్చ కూడా జరిగింది. గ్రౌండుకు మూడు వైపులా ప్రహరీ లేదు కాబట్టి టికెట్ లేనివాళ్లను ఆపడానికి కాపలా కావాలి, అది మరో ఖర్చు. టికెట్ అన్నాక అనుమతులు, పన్ను నిబంధనలు వేరే ఉంటాయి. ప్రవేశం ఉచితం చేశాం.

ఫలించినవి

మైదానంలో శాంతికి మందు ఆట నిబంధనల పుస్తకంలోనే దొరికింది. అమెచ్యూర్ స్థాయి ఆటలో జాతీయ అసోసియేషన్ అనుమతితో కొన్ని నిబంధనలను సడలించుకునే వీలు ఆ పుస్తకమే ఇస్తుంది: సగాల నిడివి తగ్గించుకోవచ్చు, బయటికి వెళ్లిన ఆటగాడిని మళ్లీ లోపలికి పంపవచ్చు, హెచ్చరిక పొందిన ఆటగాడిని కొద్ది నిమిషాలు బయట కూర్చోబెట్టవచ్చు. చివరిదాన్ని సిన్ బిన్ అంటారు. బయట కూర్చోబెట్టే సమయం మొత్తం ఆట సమయంలో 10 నుంచి 15 శాతం ఉండాలన్నది ఆ పుస్తకం చేసే సూచన. సగానికి 35 నిమిషాల చొప్పున 70 నిమిషాల మ్యాచ్ అనుకున్నాం కాబట్టి 8 నిమిషాలు పెట్టాం.

జరిమానాకూ దీనికీ తేడా చెప్పాలి. జరిమానా ఆటగాడి జేబును తాకుతుంది, అదీ మ్యాచ్ అయ్యాక. సిన్ బిన్ అప్పటికప్పుడు అతని జట్టును పదిమందికి దించుతుంది. తన వల్ల తోటివాళ్లు ఇబ్బంది పడుతుంటే చూస్తూ కూర్చోవలసి రావడం, కోపం చల్లారేంత సమయం దొరకడం రెండూ ఒకేసారి జరుగుతాయి. రెడ్ కార్డు చూపితే ఆటగాడు ఇంటికే పోతాడు, వెనక వైరం మిగులుతుంది. ఇక్కడ అతను తిరిగి వచ్చి ఆడతాడు. ఛారిటీ మ్యాచ్‌కు ఇంతకన్నా తగిన శిక్ష నాకు తెలియదు.

సబ్‌స్టిట్యూట్‌ల విషయంలోనూ ముందస్తు ఒప్పందం అవసరమైంది. ఎంతమందిని మార్చవచ్చో రెండు జట్లూ ఒప్పుకుని, మ్యాచ్‌కు ముందే రిఫరీకి తెలియజేయాలి. క్లబ్బుల మాజీ ఆటగాళ్లు, నలభై దాటినవాళ్లు కూడా కాసేపు ఆడాలని ఉబలాటపడుతున్నందున, తిరిగి వచ్చే వీలున్న సబ్‌స్టిట్యూషన్ పెట్టాం. దీనిలో ఒక ప్రమాదం దాగి ఉంది. తలకు దెబ్బ తగిలిన ఆటగాడిని బయటికి తెచ్చి, "ఇప్పుడు బాగానే ఉంది" అనగానే తిరిగి పంపేయడం ఈ పద్ధతిలో చాలా తేలిక. అందువల్ల తలకు దెబ్బ అనుమానం వస్తే ఆ ఆటగాడు ఆ రోజుకు ఇక ఆడకూడదని, ఆ నిర్ణయం కోచ్‌ది కాక డాక్టర్‌దని అదే ఒప్పందంలో రాశాం. డ్రా అయితే అదనపు సమయం లేకుండా నేరుగా పెనాల్టీలు అనుకున్నాం.

ఈ ఒప్పందం మొత్తం ఒక పేజీలో రాసి, కెప్టెన్లు, కార్యదర్శులు సంతకాలు చేసి, మ్యాచ్ అనుమతి దరఖాస్తుతో పాటు స్థానిక అసోసియేషన్‌కు పంపాం. ఛారిటీ మ్యాచ్ అంటే స్నేహపూర్వకమే కదా, అనుమతి ఎందుకని చాలామంది అడుగుతారు. అనుమతి లేని మ్యాచ్‌కు నమోదైన రిఫరీలు సాధారణంగా రారు; ఆటగాళ్ల బీమా కూడా వర్తించకపోవచ్చు. మోకాలు విరిగాక తెలుసుకోవలసిన సంగతి కాదది. రిఫరీలు ముగ్గురినీ రెండు క్లబ్బులతోనూ సంబంధం లేనివాళ్లను పంపమని అదే దరఖాస్తులో కోరాం.

భద్రత ఏర్పాట్లలో ఎక్కువ భాగం మామూలువే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. కదిలించగల గోల్ పోస్టులను నేలకు బిగించాం. బిగించని పోస్టు మీద పడి పిల్లలు చనిపోయిన ఘటనలు వివిధ దేశాల్లో ఉన్నాయి, మ్యాచ్‌కు ముందు పిల్లలు వాటికి వేలాడకుండా ఉండరు. ఉరుము వినిపిస్తే ఆట ఆపి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలన్న నియమాన్ని రిఫరీతో ముందే మాట్లాడుకున్నాం. నలభై దాటినవాళ్లందరి దగ్గర ఆరోగ్య ప్రకటన తీసుకున్నాం.

అంబులెన్స్ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ గుండె ఆగి మైదానంలో పడిపోయినప్పుడు, వెంటనే ఛాతీ మీద ఒత్తిడి మొదలుపెట్టడం, డీఫిబ్రిలేటర్ (విద్యుత్ షాక్‌తో గుండెను మళ్లీ కొట్టుకునేలా చేసే పరికరం) అందుబాటులో ఉండడం అతన్ని బతికించాయి. అలాంటి స్థితిలో సాయం అందని ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం మేర తగ్గుతుందని వైద్యులు చెబుతారు. అందుకే మ్యాచ్‌కు ముందు రోజు అంబులెన్స్ వచ్చే దారి వెంట నడిచి చూశాం. ఆ దారి వెనక గేటు గుండా వస్తుంది. గేటుకు గొలుసు, గొలుసుకు తుప్పు పట్టిన తాళం. తాళంచెవి గ్రౌండ్స్‌మన్ దగ్గర, ఆయన సెలవు మీద. గేటు ముందు ఖాళీ స్థలమంతా మ్యాచ్ రోజు బైకులు పెట్టే చోటు. గొలుసు తీయించి, ఆ స్థలానికి తాడు కట్టి, అక్కడ ఒక వాలంటీర్‌ను నిలబెట్టాం. అంబులెన్స్ ఉందని కాగితం మీద టిక్కు పెట్టడానికీ, అది మైదానంలోకి రాగలదని చూసుకోవడానికీ మధ్య ఉన్న దూరం ఆ తాళమంత.

మ్యాచ్ రోజు

విరాళాలకు రెండు దారులే పెట్టాం. మొదటిది పునరావాస కేంద్రం సొంత బ్యాంకు ఖాతా క్యూఆర్ కోడ్. కేంద్రమే అచ్చు వేయించి ఇచ్చిన ఆ బోర్డుల మీద ఖాతాదారు పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఎవరైనా పైన మరో కోడ్ అతికించకుండా గంటకోసారి వాలంటీర్ తన ఫోన్‌తో స్కాన్ చేసి పేరు సరిచూసుకోవాలన్న నియమం పెట్టాం. రెండోది నగదు కోసం సీలు వేసిన హుండీలు. ప్రతి హుండీకీ నంబరు, ప్రతి హుండీ వెంట ఇద్దరు, ఒక్కో క్లబ్ నుంచి ఒక్కరు. వైరం ఇక్కడ పనికొచ్చింది. పాత క్లబ్ మనిషిని కొత్త క్లబ్ మనిషి కన్నా శ్రద్ధగా కనిపెట్టేవాళ్లు ఎవరుంటారు?

మొదట హుండీలను ప్రవేశం దగ్గర పెట్టాలనుకున్నాం. కానీ ఆట చూడకముందే చెయ్యి చాచడం బాగుండదనీ, చివర్లో అందరూ తొందరగా వెళ్లిపోతారనీ ఆలోచించి హాఫ్ టైమ్‌కు మార్చాం. విరామం 15 నిమిషాలకు మించకూడదు కాబట్టి హుండీలు ఏ వరుస నుంచి ఏ వరుసకు వెళ్లాలో ముందే గీసుకున్నాం. మైకులో చెప్పిందీ తక్కువే: ఈ మ్యాచ్ ఖర్చులన్నీ ఇప్పటికే తీరిపోయాయి, మీరు వేసేదంతా చక్రాల కుర్చీలకే వెళ్తుంది, ఖర్చులు ఎవరు భరించారో స్కోరు బోర్డు పక్కన రాసి ఉంది. గోల్‌కీపర్ ప్రేక్షకుల్లోనే కూర్చుని ఆట చూశాడు; అతని పేరు ఎవరూ ఎత్తలేదు.

ఆట హోరాహోరీగానే సాగింది. మొదటి సగంలోనే కొత్త క్లబ్ స్ట్రైకర్ ఒకతను రిఫరీతో వాదించి ఎల్లో కార్డు తెచ్చుకున్నాడు. అతను బయట కుర్చీలో కూర్చున్న ఆ 8 నిమిషాల్లో పాత క్లబ్ గోల్ కొట్టింది. అతని బెంచీవాళ్లు అతన్నేమీ అనలేదు, అతని వైపు చూడలేదు కూడా. తర్వాత రెండు జట్లలోనూ కెప్టెన్లే తమవాళ్ల భుజాలు పట్టుకుని రిఫరీకి దూరంగా తీసుకుపోవడం కనిపించింది. రెడ్ కార్డు అవసరం రాలేదు. మాజీ ఆటగాళ్లలో ఒకాయనకు బంతిని తలతో కొట్టడానికి ఎగిరినప్పుడు తల తలకు తగిలింది. ఆయన మళ్లీ ఆడతానని పట్టుబట్టినా ఒప్పందం ప్రకారం డాక్టర్ వద్దన్నారు. అసంతృప్తి ఉన్నా వాదన జరగలేదు, ఎందుకంటే ఆయన కెప్టెనే ఆ కాగితం మీద సంతకం చేశాడు.

లెక్క

మ్యాచ్ ముగిసిన వెంటనే, జనం ఇంకా ఉండగానే, ఒక బల్ల మీద హుండీలు తెరిచాం. బల్ల చుట్టూ నలుగురు: ఇద్దరు కోశాధికారులు, కేంద్రం అకౌంటెంటు, బయటి మనిషిగా రిఫరీ. ఒకరు లెక్కపెట్టి, మరొకరు తిరిగి లెక్కపెట్టి, హుండీ నంబరు వారీగా కాగితం మీద రాసి నలుగురూ సంతకం చేశారు. ఒక హుండీలో రెండు లెక్కలకూ తేడా వచ్చింది. మడిచి వేసిన నోటు లోపల ఇంకో నోటు ఉండడమే కారణం. ముగ్గురు నలుగురు పిల్లలు బల్ల దగ్గరికి వచ్చి నిలబడి లెక్క వింటుంటే పంపేయబోయారు, ఉండనివ్వమన్నాను. నగదును కేంద్రం అకౌంటెంటే తీసుకుని అక్కడికక్కడే రసీదు రాసిచ్చారు. క్లబ్బుల ఖాతాల్లోకి ఒక్క కాసు రాలేదు.

వారం లోపల ఒక పేజీ లెక్క రెండు క్లబ్బుల నోటీసు బోర్డుల మీదా పెట్టాం. అందులో మూడు భాగాలు: వచ్చిన విరాళం, ఖర్చులు భరించిన దాతలు, కుర్చీల ఆర్డర్ వివరం. వసూలైన మొత్తం గత మ్యాచ్ టికెట్ అమ్మకాల కన్నా తక్కువే. చేరవలసిన చోటికి చేరింది మాత్రం అప్పటి దానికన్నా బాగా ఎక్కువ. వసూళ్లను విజయానికి కొలతగా తీసుకుని ఉంటే ఈ మ్యాచ్‌ను విఫలమని రాయవలసి వచ్చేది.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నవి

ఈ మ్యాచ్ తర్వాత నేను చేపట్టే ప్రతి ఛారిటీ మ్యాచ్‌లో ఖర్చుల జాబితానే మొదటి పత్రంగా పెట్టుకుంటున్నాను. దాతలు దొరకని పద్దులు కొన్నింటికి మించితే మ్యాచ్ వాయిదా వేయమంటున్నాను. ఇందులో ఒక ఇబ్బంది ఉందని దాచను. వస్తురూపంలో ఇచ్చిన దాతలు తమ పేరు మైకులో పదేపదే చెప్పాలని కోరతారు. ఒకరికి చెబితే అందరికీ చెప్పాలి, చివరికి ఆట కన్నా ప్రకటనలే ఎక్కువవుతాయి. అందరి పేర్లూ ఒకే పరిమాణంలో అక్షరక్రమంలో ఒకే బోర్డు మీద రాస్తామని ఇప్పుడు ముందే చెబుతున్నాను. దానికి ఒప్పుకోని దాతను వదులుకున్న సందర్భాలూ ఉన్నాయి.

సిన్ బిన్ అన్ని జట్లకూ పనికొస్తుందని చెప్పలేను. ఇక్కడ రిఫరీ అనుభవజ్ఞుడు కావడం, రెండు బెంచీలకూ కనిపించేలా సమయం చూసే మనిషిని విడిగా పెట్టడం కలిసొచ్చాయి. ఆ రెండూ లేకపోతే 8 నిమిషాలు అయ్యాయా లేదా అన్నదే కొత్త గొడవ అవుతుంది. అలాగే సాయం పొందే సంస్థకు సొంత ఖాతా, అకౌంటెంటు, రసీదు పుస్తకం ఉండడం వల్లే డబ్బును క్లబ్బుల చేతికి రాకుండా నడపగలిగాం. అవి లేని చిన్న సంస్థల విషయంలో, రెండు క్లబ్బులకూ సంబంధం లేని మూడో వ్యక్తితో కలిపి ఉమ్మడి సంతకాల ఖాతా తెరిపిస్తున్నాను.

మరుసటి ఏడాది ఈ రెండు క్లబ్బులూ నన్ను పిలవకుండానే మళ్లీ మ్యాచ్ జరుపుకున్నాయి. పాత ఒప్పందాన్నే తేదీ మార్చి వాడుకున్నారు. ఒక్క నిబంధన మాత్రం కొత్తగా చేర్చారు: లెక్క పెట్టే బల్ల దగ్గర ప్రేక్షకుల నుంచి ఎవరైనా ఇద్దరు వచ్చి కూర్చోవచ్చు.